ముందు గొంతు, తర్వాతే బ్యాండ్: రిహార్సల్ గది నుంచి స్టేజీ దాకా

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు సోపతిగాళ్ళు కలిసి పెట్టుకునే బ్యాండ్లలో చాలావాటికి వాయించడం బాగానే వస్తుంది. స్టేజీ ఎక్కాక మాత్రం పాడే మనిషి మాటలు నాలుగో వరుస దాటవు. మన జనం పాటను మాటలతోనే పట్టుకుంటారు. పల్లవి అర్థం కాకపోతే గిటార్ ఎంత బాగా పలికినా చూపు ఫోన్ల మీదికి పోతుంది. అందుకే శ్రుతి ఎంచుకోవడం నుంచి మైకు పట్టుకోవడం దాకా ఇక్కడ చెప్పే ప్రతి పనిలోనూ ముందు గొంతు, దాని తర్వాతే మిగతావి.

గది, సామాను

మొదలుపెట్టడానికి నలుగురైదుగురు చాలు: పాడేవాళ్ళు ఒకరిద్దరు, కీబోర్డు, గిటార్, రిథమ్ ప్యాడ్ (డ్రమ్ చప్పుళ్ళు పలికే ఎలక్ట్రానిక్ పలక). బేస్ గిటార్ దొరికితే మంచిదే, దొరకకపోతే కీబోర్డు ఎడమ చెయ్యి ఆ పని చేస్తుంది. కిరాయి ఇంట్లో అసలు డ్రమ్ సెట్టు జోలికి పోకండి. దాని చప్పుడుకు పక్కింటివాళ్ళతో లొల్లి ఒక ఎత్తయితే, చిన్న గదిలో దాన్ని దాటి వినబడాలని అందరూ సౌండ్ పెంచుకుంటూ పోవడం ఇంకో ఎత్తు. పాడే మనిషి అరవడం అక్కడే అలవాటవుతుంది. ప్యాడ్ అయితే సౌండ్ ఎంత కావాలో అంతే పెట్టుకోవచ్చు.

పది అడుగుల వెడల్పు, పన్నెండు పదమూడు అడుగుల పొడవు ఉన్న గది సరిపోతుంది. నాలుగు పక్కలా ఒకే కొలత ఉన్న గది వద్దు, అందులో బేస్ కొన్ని స్వరాల దగ్గర ఉబ్బిపోతుంది, కొన్ని చోట్ల మాయమవుతుంది. గోడలకు కోడిగుడ్ల ట్రేలు అంటించడం మానేయండి. అవి బయటికి పోయే చప్పుడును ఆపవు, పైగా నిప్పంటుకుంటే క్షణాల్లో అంటుకుంటాయి. దానికి బదులు మన ఊళ్ళోనే మంచి సరుకు ఉంది. వరంగల్ కొత్తవాడ నేతగాళ్ళ జంపఖానాలు తెచ్చి, పాడే మనిషి వెనక గోడకూ ఎదుటి గోడకూ వేలాడదీయండి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోడకు అతికినట్టు కాకుండా మూడు నాలుగు అంగుళాల ఖాళీ వదిలి, రెండు మడతలుగా వేయండి. ఆ ఖాళీ ఉంటేనే గుడ్డ పైస్థాయి శబ్దంతో పాటు మధ్యస్థాయిని కూడా కొంత పీల్చుకుంటుంది. బేస్‌ను గుడ్డ ఆపలేదు. దానికి మందం కావాలి: పాత పత్తి పరుపులను చుట్టి గది మూలల్లో నిలబెట్టండి. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ వేస్తే బయటికి పోయే చప్పుడు చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే గోడల్లోంచి కన్నా సందుల్లోంచి పోయేదే ఎక్కువ.

ఇంటర్, పదో తరగతి పరీక్షల నెలల్లో రిహార్సల్‌ను మధ్యాహ్నానికి మార్చుకోండి. వాడకట్టు సహకారం లేకుండా ఏ బ్యాండూ ఏడాది నిలబడదు.

శ్రుతి ఎంచుకోవడం

చాలామంది పాటను అసలు రికార్డింగ్ శ్రుతిలోనే పట్టుకుని కూర్చుంటారు. ఆ శ్రుతి ఆ గాయకుడి గొంతుకు కుదిరింది, మీ గొంతుకు కాదు. పైగా పల్లవి పాడి చూసి శ్రుతి ఖాయం చేస్తారు. మన సినిమా పాటల్లో గొంతు పైకెక్కేది ఎక్కువగా చరణంలో. కాబట్టి పరీక్ష అక్కడే పెట్టాలి.

చరణంలో అన్నిటికన్నా పైకి పోయే లైనును వరసగా మూడుసార్లు పాడించండి. మూడోసారి కూడా గడ్డం పైకి లేవకుండా, మెడ నరాలు ఉబ్బకుండా స్వరం తగిలితే ఆ శ్రుతి నిలుస్తుంది. తగలకపోతే అర శ్రుతి దించి మళ్ళీ పాడించండి. దించుతూ పోతే ఇంకో చిక్కు వస్తుంది: పల్లవిలో కింది స్వరాలు గాలిలో కలిసిపోతాయి. గదిలో వినబడినా స్టేజీ మీద అవి ప్యాడ్ కింద పడిపోతాయి. రెండు చివరలూ అందే చోట ఆగాలి. మగవాళ్ళ గొంతు ఎక్కువగా ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్య, అంటే సి నుంచి డి దాకా, ఆడవాళ్ళది ఐదు, ఆరు శ్రుతుల దగ్గర, అంటే జి (G), ఏ (A) దగ్గర కుదురుతుంది. ఇది మొదలుపెట్టడానికి ఒక గుర్తు మాత్రమే.

యుగళగీతం దగ్గర ఈ తేడా తల తింటుంది. రెండు దారులున్నాయి. ఒకటి, పాటంతా అమ్మాయి శ్రుతిలో పెట్టి, అబ్బాయి మరీ పైకి పోయే లైన్లను ఒక స్థాయి దించి పాడటం. రెండోది, చరణం ముందు వచ్చే బీజీఎంలో, అంటే మాటలు లేకుండా వాయిద్యాలు మాత్రమే మోగే భాగంలో, శ్రుతి మార్చడం. సి నుంచి ఎఫ్‌కు పోవాలంటే చివరి బార్‌లో (తాళం ఒక చుట్టులో) సి సెవెన్ కార్డు (కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి పలికించేది) నిలపండి. చెవి తనంతట తానే ఎఫ్‌లోకి వచ్చి కూర్చుంటుంది.

గిటార్‌కు కాపో, అంటే తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి పట్టే క్లిప్పు, శ్రుతి పెంచడానికే పనికొస్తుంది. సి నుంచి పైకి మూడు అరమెట్లు పోవాలంటే మూడో ఫ్రెట్‌లో కాపో వేసి అవే కార్డులు వాయిస్తే చాలు. కిందికి పోవాలంటే కార్డుల ఆకారాలే మార్చాలి. సి పాటను ‘ఏ’ (A) శ్రుతికి దించితే రెండో ఫ్రెట్‌లో కాపో వేసి జి ఆకారాలు వాయించండి.

కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఎంత సుఖమో అంత ప్రమాదం. ముందు పాటకు పెట్టిన మూడు అనే అంకె అలాగే ఉండిపోతే, తర్వాతి పాటలో కీబోర్డు ఒక శ్రుతిలో, గిటార్ ఇంకో శ్రుతిలో మొదలవుతాయి. ప్రతి పాట కాగితం మీద పైన పెద్ద అంకెలో ట్రాన్స్‌పోజ్ ఎంతో రాయండి. మొదలుపెట్టే ముందు కీబోర్డు మెల్లగా ఒక్క కార్డు పలికించాలి, గిటార్ దాంతో సరిచూసుకోవాలి. రెండు సెకన్ల పని.

పాట కాగితం

ఒక్కో పాటకు ఒక్క పేజీ. శ్రుతి, వేగం, నడక, ఆ కింద వరస: ఇంట్రో 8 బార్లు, పల్లవి రెండుసార్లు, మొదటి బీజీఎం 16 బార్లు, చరణం, పల్లవి, ఇలా. మాటలు మొత్తం రాయనక్కర్లేదు, ప్రతి భాగం మొదటి రెండు మాటలు చాలు. వేగం నిమిషానికి 120 బీట్లయితే నాలుగు బీట్ల బార్ రెండు సెకన్లు. అంటే 16 బార్ల బీజీఎం 32 సెకన్లు. యాభై మంది కూర్చున్న హాల్లో పాడే మనిషి 32 సెకన్లు ఊరికే నిలబడితే పాట చల్లబడుతుంది. అసలు రికార్డింగ్‌లో అక్కడ వయొలిన్ల గుంపు, కోరస్ ఉండొచ్చు. నలుగురితో అది రాదు. సగానికి కోసేయండి, ఆ ట్యూన్‌లో గుర్తుండే ముక్క ఒక్కటి ఉంచండి.

రిహార్సల్ నడిపే తీరు

రెండు గంటలు పెట్టుకుంటే మొదటి పావుగంట ట్యూనింగ్‌కే. అన్నీ ‘ఏ’ (A) స్వరం 440 హెర్ట్జ్ దగ్గర పెట్టుకోండి. గుంపులో హార్మోనియం ఉంటే మాత్రం దాన్ని అక్కడికక్కడ సరిచేయలేరు కాబట్టి కీబోర్డులోని మాస్టర్ ట్యూన్‌ను దానికి తగ్గట్టు మార్చి, గిటార్‌ను కీబోర్డుకు కలపాలి.

కొత్త పాటను అసలు వేగంలో ఎత్తుకోకండి. 120 పాటైతే 95 దగ్గర మొదలుపెట్టండి. ముందు ప్యాడ్, బేస్ మాత్రమే పల్లవి, చరణం వాయించాలి. ఆ రెండూ ఒకేసారి పడుతుంటే గిటార్ కలవాలి, తర్వాత కీబోర్డు, చివర గొంతు. తప్పు వచ్చినప్పుడు పాట మొదటికి పోవడం ఒక దురలవాటు. దాంతో ఇంట్రో నూరుసార్లు వాయిస్తారు, రెండో చరణం రెండుసార్లు కూడా వాయించరు. తప్పు వచ్చిన చోటికి నాలుగు బార్లు ముందు నుంచి ఎత్తుకోండి. పాటలు కుప్పకూలేది ఎక్కువగా అతుకుల దగ్గర: బీజీఎం అయిపోయి చరణం అందుకునే చోట, చివర్లో ఆగే చోట. ముగింపును ఎవరు చేత్తో చూపించాలో ముందే ఒక్కరిని నియమించండి.

ఇక సౌండ్. ముందు పాడే మనిషి మైకును కుయ్‌మనే దాకా పెంచి, అక్కణ్ణుంచి కొంచెం తగ్గించండి. గదిలో గొంతుకు దొరికే గరిష్ఠం అంతే. మిగతా వాయిద్యాలన్నీ దాని కింద సర్దుకోవాలి. ఎవరికైనా తన వాయిద్యం వినబడకపోతే తనది పెంచడం కాదు, పక్కవాళ్ళది తగ్గించమనాలి. ఈ నియమం ఒక్కటి నెల రోజులు పాటించిన బ్యాండ్‌కూ పాటించని బ్యాండ్‌కూ తేడా మొదటి పాటలోనే తెలుస్తుంది.

సౌండ్ తగ్గించినా మాటలు మునిగిపోతుంటే వాయించే తీరులో తప్పుంది. ఒంటరిగా వాయించి అలవాటైన కీబోర్డు మనిషి ఎడమ చేత్తో బేస్ కొడుతూనే ఉంటారు. బేస్ గిటార్ ఉన్నప్పుడు ఆ చెయ్యి తీసేయాలి, లేదంటే కింద బురదలా తయారవుతుంది. గిటార్, కీబోర్డు రెండూ ఒకే స్థాయిలో కార్డులు నింపితే గొంతుకు చోటుండదు. ఒకరు పై స్థాయిలో తక్కువ స్వరాలు పట్టుకోవాలి, ఇంకొకరు కింద. గొంతు పాడుతున్నప్పుడు ఫిల్ బిట్లు (ఖాళీ నింపే చిన్న వాయింపులు) వద్దు. లైను ముగిసి ఊపిరి తీసుకునే సందులో వేయండి.

చివరి అరగంట ఫోన్‌లో రికార్డు చేయండి. ఫోన్‌ను స్పీకర్‌కు దూరంగా, ఏడెనిమిది అడుగుల అవతల పెట్టాలి. మరునాడు చూపు లేకుండా చెవితోనే వినండి. ప్రతి మాటా తెలుస్తుందా అన్నదే ప్రశ్న.

ఇంట్లో రికార్డింగ్

రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును, వాయిద్యాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె), ఒక మైకు, చెవులు మూసుకునే వైర్డ్ హెడ్‌ఫోన్, ల్యాప్‌టాప్ ఉంటే డెమో చేసేయొచ్చు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పనికిరాదు, శబ్దం ఆలస్యంగా చేరి తాళం తప్పుతుంది. సాఫ్ట్‌వేర్‌కు ఆడాసిటీ ఉచితం. పని పెరిగాక రీపర్ లాంటిదానికి మారండి, అందులో 60 రోజులు ఉచితంగా చూసుకోవచ్చు.

సెట్టింగులు: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. రికార్డు చేసేటప్పుడు బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కోసారి కూడబెట్టుకునే శబ్దం ముక్క) 128 శాంపిల్స్, అంటే ఒక వైపు మూడు మిల్లీసెకన్ల లోపే ఆలస్యం. మిక్సింగ్‌లో 1024కు పెంచుకోండి, ల్యాప్‌టాప్ ఆగిపోకుండా ఉంటుంది. గట్టిగా పాడే లైనులో కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. ఎర్ర లైటు వెలిగిన టేకును తర్వాత ఏ ప్లగిన్ కూడా పూర్తిగా బాగుచేయలేదు. కండెన్సర్ మైకైతే దానికి కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ బటన్ నొక్కాలి, నొక్కే ముందు స్పీకర్ తగ్గించాలి.

వరస ఇది. క్లిక్ (హెడ్‌ఫోన్‌లో తాళం చెప్పే టిక్ టిక్) పెట్టి కీబోర్డుతో పాటు పైలట్ గొంతు, అంటే దారి చూపడానికి మాత్రమే పాడి తర్వాత తీసేసేది, తీసుకోండి. దాని మీద ప్యాడ్, తర్వాత బేస్, గిటార్, అన్నీ అయ్యాక అసలు గొంతు. పైలట్ లేకుండా వాయిద్యాలు రికార్డు చేస్తే వాయించేవాళ్ళకు ఎక్కడ తగ్గాలో తెలియదు, అంతా నింపేస్తారు.

గొంతు రికార్డు చేసే రోజు ఫ్యాను, ఏసీ ఆపాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు పగలు అది సాధ్యం కాదు, కాబట్టి తెల్లవారుజామున పెట్టుకోండి. అప్పుడు ఆటోల చప్పుడూ ఉండదు. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వచ్చినప్పుడు హెడ్‌ఫోన్‌లో జుంయ్‌మని వినబడితే ఆ టేకు ఆపేయండి. మామూలు ఇన్వర్టర్ల నుంచి వచ్చే కరెంటు తరంగం నునుపుగా ఉండదు, ఆ గరుకు నేరుగా రికార్డులోకి ఎక్కుతుంది. మైకుకు నోటికి మధ్య ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు, మధ్యలో నోటి గాలి దెబ్బను ఆపే పాప్ ఫిల్టర్. ప, బ, ఫ అక్షరాలు దబ్బుమంటుంటే మైకును నోటికి సూటిగా కాక కొంచెం పక్కకు తిప్పండి. తెరిచిన బట్టల బీరువాకు మైకు వీపు ఆనేట్టు నిలబడటం కాదు, పాడే మనిషి వీపు బట్టల వైపు ఉండాలి. మైకు వినేది ఆ దిక్కునుంచే కాబట్టి అక్కణ్ణుంచి ప్రతిధ్వని రాకూడదు.

మిక్సింగ్‌లో గొంతుకు 80 నుంచి 100 హెర్ట్జ్ కింద అంతా కోసేయండి. గొంతు మూతపడినట్టుంటే 300 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. హల్లులు స్పష్టంగా తెలిసేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య. గొంతును అక్కడ పెంచేకన్నా కీబోర్డును, గిటార్‌ను అక్కడ రెండు మూడు డెసిబెల్స్ తగ్గించడం మేలు. స, శ, చ చెవిలో గుచ్చుకుంటే 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య డీ-ఎస్సర్ వాడండి. రివర్బ్‌కు (గొంతుకు కలిపే ప్రతిధ్వని) ముప్పై మిల్లీసెకన్ల ప్రీ-డిలే పెడితే మాట ముందు పడి, గుంగుమనడం వెనక వస్తుంది. మిక్స్ అయ్యాక ఫోన్ స్పీకర్‌లో, బండి స్టీరియోలో విని చూడండి.

సినిమా పాటను మళ్ళీ వాయించి యూట్యూబ్‌లో పెడితే హక్కుదారు క్లెయిమ్ రావడం మామూలే. అప్పుడు ఆ వీడియో మీద వచ్చే డబ్బు మామూలుగా వాళ్ళకే పోతుంది. అసలు పాట ట్రాక్‌ను కోసి కలపడం మాత్రం చేయకండి. బీజీఎం అంతా మీరే వాయించినా సాహిత్యం, బాణీ హక్కులు మీవి కావన్నది గుర్తుంచుకుని, డెమోలో ఒక్క సొంత పాటైనా పెట్టుకోండి.

స్టేజీ

ఒప్పుకునే ముందు నిర్వాహకులను రెండు అడగండి: పోలీసు అనుమతి కాగితం, కరెంటు ఏర్పాటు. ధ్వని కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000 ప్రకారం బహిరంగ స్థలంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 12 దాకా సడలించవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. మీ వంతు తొమ్మిదిన్నరకు వస్తుందంటే ఆరు పాటలే సిద్ధం చేసుకోండి.

మండపాల దగ్గర అసలు భయం కరెంటుతోనే. లైట్లు, సౌండ్ ఒకే లైను మీద ఉంటే స్పీకర్లలో గరగర వస్తుంది. విడి లైను అడగండి. గిటార్ తీగలు పట్టుకున్న మనిషి పెదవి మైకుకు తగిలితే చురుక్కుమందంటే ఎర్త్ సరిగా లేదని అర్థం. వాయించే ముందే మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి, ఒక మొన మైకు జాలీకి, ఇంకోటి గిటార్ తీగకు ఆనించి చూడండి. సున్నా దగ్గర ఉండాలి. పదుల్లో వోల్టులు చూపిస్తే ఎలక్ట్రీషియన్ ఎర్త్ సరిచేసేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు. గరగర పోవాలని ఎర్త్ పిన్ను విరగ్గొట్టే పని ప్రాణాంతకం, ఎవరు చెప్పినా చేయకండి. వినాయక చవితి వానాకాలంలో వస్తుంది కాబట్టి ఎక్స్‌టెన్షన్ బోర్డులను నేల మీద కాకుండా చెక్క మీద పెట్టించండి.

జనరేటర్ మీదికి మారే క్షణంలో కీబోర్డు ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంది, పెట్టుకున్న వాయిస్‌లు, ట్రాన్స్‌పోజ్ అన్నీ పోతాయి. పాటవారీగా రిజిస్ట్రేషన్ మెమరీలో దాచుకోండి, కీబోర్డుకు చిన్న యూపీఎస్ పెట్టండి. కీబోర్డు నుంచి మిక్సర్‌కు ఐదు మీటర్లు దాటితే మామూలు కేబుల్ లాగకుండా డీఐ బాక్స్ (దూరం పోయినా గరగర ఎక్కకుండా సిగ్నల్‌ను మార్చే పెట్టె) వాడాలి.

సౌండ్ మనిషితో మర్యాదగా ఉండండి. స్టేజీ మీద ఎవరు ఎక్కడ నిలబడతారో, ఎన్ని మైకులో, ఎన్ని లైన్లో ఒక కాగితం మీద గీసి ఆయన చేతికి ఇస్తే సగం పని అయిపోతుంది. సౌండ్ చెక్ ఎక్కువమంది ప్యాడ్‌తో మొదలుపెడతారు. మీరు గొంతుతో, మానిటర్‌తో (పాడేవాళ్ళు తమ గొంతు వినడానికి వాళ్ళ వైపు తిప్పి పెట్టే స్పీకర్) మొదలుపెట్టించండి. ‘అన్నా, ముందుగాల మైకు చూద్దాం. మానిటర్ల నా గొంతు జెర పెంచు, కీబోర్డు తక్కువ ఉన్నా నడుస్తది’ అని అడిగితే ఏ అన్నా కాదనడు. ముందు వైపు నుంచే ఎక్కువ వినే మామూలు కార్డియాయిడ్ మైకుకు మానిటర్ సరిగ్గా దాని తోక వెనక ఉండాలి. సూపర్ కార్డియాయిడ్ అయితే కొంచెం పక్కకు జరపాలి, తోక వెనకనుంచి అది కొంత వింటుంది. మైకు జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటే అన్ని పక్కలా వినడం మొదలుపెట్టి కుయ్‌మంటుంది. పెద్ద స్పీకర్లు మైకుల కన్నా ముందుండాలి.

టైల్స్, గ్రానైట్ పరిచిన ఫంక్షన్ హాళ్ళలో శబ్దం చాలాసేపు మోగుతుంది. అక్కడ రివర్బ్ పూర్తిగా తీసేయించి, వేగం పాటలు తగ్గించండి. కాళోజీ కళాక్షేత్రం లాంటి ఆడిటోరియంలో కొంచెం రివర్బ్ బాగుంటుంది. ఆరుబయట బేస్ నిలవదు, దానికోసం పెంచుతూ పోతే మాటలు మునుగుతాయి.

వానగాలికి ఢోలక్ చర్మం సడలి శ్రుతి దిగుతుంది, లైట్ల వేడికి గిటార్ తీగలు సాగుతాయి. రెండు పాటలకొకసారి ట్యూనర్ చూడండి. సంచిలో ఉండాల్సినవి: ఒక సెట్టు తీగలు, రెండు కేబుళ్ళు, కీబోర్డు అడాప్టర్ ఇంకోటి, 9 వోల్టుల బ్యాటరీలు, టేపు, టార్చి.

బతుకమ్మ దగ్గర వాయించాలంటే

ఇక్కడ లెక్క మారుతుంది. పాడేది ఆడబిడ్డలు, మీరు కాదు. ఒకరు లైను అందుకుంటే మిగతావాళ్ళు ఉయ్యాలో అనో, కోలు అనో, చందమామ అనో తిరిగి అంటూ చప్పట్లతో తిరుగుతారు. వాళ్ళ అడుగే మీకు తాళం. క్లిక్, లూప్ పెట్టకండి. ఆట సాగేకొద్దీ వేగం మెల్లగా పెరుగుతుంది, యంత్రం దాన్ని అనుసరించలేదు. ప్యాడ్ వాయించే మనిషి చెవి చప్పట్ల మీద, కన్ను పాదాల మీద పెట్టాలి. మధ్యలో రోల్స్, బ్రేక్స్ వేస్తే అడుగు తప్పి వలయం చెదురుతుంది. శ్రుతి మీరు చెప్పకూడదు. మొదటి లైను అందుకున్న అవ్వ ఏ శ్రుతిలో ఎత్తుకుంటే ఆ శ్రుతిని కీబోర్డు మెల్లగా వెతుక్కుని కలవాలి. గుండ్రంగా తిరుగుతున్న వాళ్ళకు తమ గుంపు గొంతే ఎదుటి పక్కనుంచి వినబడాలి. వినబడకపోతే జవాబు లైను ఆలస్యమై, వలయం రెండు ముక్కలై రెండు వేగాల్లో పాడుతుంది. అలా జరిగిందంటే స్పీకర్ సౌండ్ సగానికి దించాలి, పెంచకూడదు.

ఆట అయ్యాక

వైర్లను మోచేతికి చుట్టకండి, లోపలి తీగ మెలిపడి తెగుతుంది. ఒక చుట్టు పైనుంచి, ఇంకో చుట్టు కిందినుంచి వేస్తూ చుట్టండి. తడిసినవాటిని సంచిలో పెట్టకుండా ఇంటికి పోగానే ఆరేయండి. డబ్బు లెక్క కూడా ఆ రాత్రే తేల్చుకోవాలి: ముందు బండి కిరాయి, తిండి ఖర్చు తీసేసి, కేబుళ్ళు తీగలకని కొంత పక్కన పెట్టి, మిగిలింది సమానంగా. పాడే మనిషికి ఎక్కువ ఇవ్వాలా అన్న మాట ఒప్పుకునే ముందే మాట్లాడుకోండి, పంచేటప్పుడు కాదు. కరకరలాడిన కేబుల్‌కు అక్కడే ఎర్ర టేపు చుట్టి వేరుగా ఉంచండి. టంకం వేయించి, వాయించి చూశాకే అది మళ్ళీ సంచిలోకి పోవాలి.